కరెంటు పోయినప్పుడు హైబ్రిడ్ ఇన్వర్టరుతో ఇల్లంతా నడుస్తుందా? గ్రిడ్ లేని చోటికి అదే పనికొస్తుందా?

మీరు రెండు విషయాలు అడిగారు. 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టరు ఒకటి, 51.2 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఒకటి, 545 వాట్ల ప్యానెళ్లు పది ఒకే వరుసలో కలిపి పెట్టమని మీకు అంచనా రాసి ఇచ్చారు. కరెంటు పోయినప్పుడు దీంతో ఇల్లంతా నడుస్తుందా అన్నది మొదటిది. గ్రిడ్ (బయటి కరెంటు లైను) కనెక్షను రాని తోటలో ముందుముందు కట్టుకోబోయే చిన్న ఇంటికి ఇదే ఇన్వర్టరును తీసుకుపోవచ్చా అన్నది రెండవది. మొదటిదానికి నా సమాధానం ఏమిటంటే, ఇన్వర్టరు సరిపోతుంది, బ్యాటరీ సరిపోదు, ప్యానెళ్లను కలపమన్న తీరు మాత్రం ఇన్వర్టరునే కాల్చేసే ప్రమాదం ఉంది. రెండవదానికి, తీసుకుపోవద్దనే చెబుతాను. ఇలాంటి వ్యవస్థలను బిగించడమూ, చెడిపోయినవాటిని విప్పి చూడడమూ నా వృత్తి కాబట్టి, కారణాలను లెక్కలతో సహా రాస్తున్నాను.

ముందుగా హైబ్రిడ్ అనే మాట సంగతి చూద్దాం. అమ్మేవారు ఈ మాటను రెండు వేర్వేరు యంత్రాలకు వాడుతున్నారు. మామూలు గ్రిడ్ టై ఇన్వర్టరు బయటి కరెంటు పోగానే, నడి ఎండలో ప్యానెళ్లు నిండుగా పనిచేస్తున్నా సరే, ఆగిపోతుంది. అది లోపం కాదు. లైను మీద మరమ్మతు చేస్తున్న మనిషి మీదికి మన ఇంటి నుంచి కరెంటు ఎదురు పోకూడదని అలా తయారుచేస్తారు. గ్రిడ్ పోయాక 2 సెకన్లలోగా సరఫరా ఆగిపోవాలని ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ 1547 ప్రమాణం చెబుతుంది. అసలైన హైబ్రిడ్ ఈ నియమాన్ని పాటిస్తూనే, లోపలి రిలేతో గ్రిడ్‌ను పూర్తిగా తెంచేసి, బ్యాకప్ అని రాసి ఉన్న వేరే టెర్మినళ్ల ద్వారా ఇంటికి కరెంటు ఇస్తుంది, గ్రిడ్ ఉన్నంతసేపూ మిగులు కరెంటును బయటికి పంపుతుంది. రెండవ రకం నిజానికి ఆఫ్ గ్రిడ్ ఇన్వర్టరే. అది గ్రిడ్ నుంచి తీసుకుంటుంది గాని తిరిగి ఇవ్వదు. బ్యాటరీ నిండి ఇంట్లో వాడకం లేకపోతే ప్యానెళ్లు ఇవ్వగలిగిన కరెంటు ఎవరికీ ఉపయోగపడదు. ఏది మంచిది అన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది, కానీ మీరు కొంటున్నది ఏదో మీకు తెలిసి ఉండాలి. డేటా షీటులో గ్రిడ్‌కు పంపే సామర్థ్యం, బ్యాకప్ సామర్థ్యం అని రెండు అంకెలు విడివిడిగా ఉంటే అది మొదటి రకం. ఆ రెండు అంకెలూ ఒకటే అనుకోవద్దు, బ్యాకప్ అంకె తక్కువగా ఉన్న మోడళ్లు ఉన్నాయి.

కరెంటు పోయిన క్షణానికీ బ్యాటరీ అందుకునే క్షణానికీ మధ్య సాధారణంగా 10 నుంచి 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్యాన్లకు, లైట్లకు అది తెలియదు. కంప్యూటరు తన లోపలి కెపాసిటరు మీద సుమారు 16 మిల్లీసెకన్లు నిలబడేటట్టు తయారవుతుంది కనుక అంచున ఉంటుంది. రెండవ రకం ఇన్వర్టర్లలో యూపీఎస్ మోడ్, అప్లయన్స్ మోడ్ అని ఒక సెట్టింగు ఉంటుంది. కంప్యూటరు ఉన్న ఇంట్లో యూపీఎస్ మోడ్ పెట్టుకోండి. ఆ మోడ్‌లో గ్రిడ్ వోల్టేజీ 170 దాకా పడిపోగానే ఇన్వర్టరు బ్యాటరీ మీదికి మారిపోతుంది కాబట్టి, లో వోల్టేజీ తరచుగా ఉండే చోట బ్యాటరీ పగలంతా అనవసరంగా ఖర్చు కాకుండా ఓ కన్నేసి ఉంచాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. 5 కిలోవాట్లు అన్నది ఇన్వర్టరు ఒకేసారి ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె. ఎంతసేపు మోయగలదో చెప్పేది బ్యాటరీ. మీకు రాసిచ్చిన బ్యాటరీలో 51.2 ను 100 తో గుణిస్తే 5120 వాట్ అవర్లు, అంటే 5.12 యూనిట్లు ఉంటాయి. అందులో 90 శాతం వాడుకోవడం ఆరోగ్యకరం, అంటే 4.6 యూనిట్లు, ఇన్వర్టరులో మార్పిడి నష్టం పోగా చేతికి వచ్చేది సుమారు 4.3. ఇప్పుడు ఒక మామూలు రాత్రిని లెక్క వేద్దాం. ఫ్రిజ్ 12 గంటలకు 0.6 యూనిటు, పాతరకం 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్లు మూడు 10 గంటలకు 2.25, లైట్లన్నీ కలిపి 60 వాట్లు 5 గంటలకు 0.3, టీవీ 3 గంటలకు పావు యూనిటుకు కాస్త తక్కువ, వైఫై రూటరు 0.12. ఇంతవరకు అందరూ లెక్కిస్తారు. ఎవరూ లెక్కించనిది ఇన్వర్టరు తన కోసం తాను తినే కరెంటు. ఈ పరిమాణపు యంత్రం ఏ పనీ చేయకపోయినా 50 వాట్ల ప్రాంతంలో తీసుకుంటుంది, అంటే రాత్రికి మరో 0.6 యూనిటు. మొత్తం 4.1 అయింది. ఉన్నది 4.3. బ్యాటరీ కొత్తగా ఉన్నన్నాళ్లు తెల్లవారేదాకా ఎలాగో లాక్కొస్తుంది, అదీ ఏసీ వేయకపోతేనే. ఒకటిన్నర టన్నుల ఏసీ సగటున గంటకు ఒక యూనిటు తీసుకుంటే, నాలుగు గంటల్లో మీ బ్యాటరీ ఖాళీ. ఇల్లంతా నడవడం అన్నది ఇక్కడే ఆగిపోయింది.

రెండో బ్యాటరీ కొనేలోపు ఒక మాట. ఆ మూడు ఫ్యాన్లను 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లుగా మారిస్తే 2.25 యూనిట్లు 0.9 కి దిగుతుంది. ఒక్క రాత్రికి 1.35 యూనిట్లు మిగలడమంటే మీ బ్యాటరీలో నాలుగో వంతుకు పైగా మిగిలినట్టే. వాడకం తగ్గించడం అన్నిటికంటే చవకైన బ్యాటరీ అని నేను ప్రతి ఇంట్లోనూ చెబుతాను, సగం మంది వినరు. విన్నవారి ఇళ్లలో వ్యవస్థలు ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా నడుస్తున్నాయి.

అయినా నేను రెండు బ్యాటరీలు అడగడానికి కారణం యూనిట్లు మాత్రమే కాదు. 5000 వాట్లను 48 వోల్టుల నుంచి తీయాలంటే 104 ఆంపియర్లు కావాలి, నష్టాలు కలుపుకుంటే 112. వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) నిలకడగా ఇచ్చేది సాధారణంగా 100 ఆంపియర్లు, తయారీదారు సిఫారసు చేసేది చాలా సందర్భాల్లో 50 మాత్రమే. అంటే మీ ఇన్వర్టరు మీద 5 కిలోవాట్లు అని రాసి ఉన్నా, ఆ ఒక్క బ్యాటరీతో ఎండలేనప్పుడు మీకు హాయిగా అందేది రెండున్నర కిలోవాట్లే. ఇండక్షన్ స్టవ్ 2 కిలోవాట్ల మీద నడుస్తుండగా ఎవరో మిక్సీ వేస్తే ఆ హద్దు దాటుతుంది, బీఎంఎస్ ఆపేసిందంటే ఇంట్లో చీకటి పడుతుంది, ఇన్వర్టరు తప్పేమీ లేకపోయినా నింద దాని మీద పడుతుంది. రెండు బ్యాటరీలను సమాంతరంగా కలిపితే ఈ భారం ఇద్దరి భుజాల మీద పంచుకున్నట్టు అవుతుంది.

నీళ్ల మోటారు సంగతి విడిగా చెప్పాలి. ఒక ఇంట్లో 3 కిలోవాట్ల ఇన్వర్టరు కొన్ని తెల్లవారుజాముల్లో ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోతోందని పిలిచారు. పగలు ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. చివరికి తెలిసింది ఏమిటంటే, బోరు మోటారుకు 5 గంటలకు టైమరు పెట్టి ఉంది, ఆ వేళ కరెంటు ఉంటే ఏ ఇబ్బందీ లేదు, లేని రోజున ఇన్వర్టరు పడిపోతోంది. మోటారు తీగకు క్లాంప్ మీటరు తగిలించి చూశాను. నడుస్తున్నప్పుడు 5.5 ఆంపియర్లు, మొదలైన క్షణంలో 30. ముప్పై ఆంపియర్లను 230 తో గుణిస్తే 6.9 కేవీఏ, ఆ ఇన్వర్టరు కొద్ది సెకన్లపాటు మోయగలిగేది 6. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు కదా, 3 కిలోవాట్ల యంత్రం ఎందుకు మోయలేదు అని ఇంటి పెద్దాయన అడిగారు. మోటారు కదలడానికి ముందు తీసుకునేది నడిచేటప్పుడు తీసుకునేదానికి ఐదారు రెట్లు ఉంటుందని మీటరు అంకె చూపించాకే ఆయన నమ్మారు. వారు మోటారును బ్యాకప్ నుంచి తప్పించి, మిద్దె మీది ట్యాంకును పెద్దది చేసుకున్నారు. ట్యాంకులో నిలవ ఉన్న నీళ్లు కూడా ఒక విధంగా నిలవ ఉంచిన కరెంటే కనుక, అది చాలా తెలివైన పని. మోటారు తప్పనిసరిగా బ్యాకప్ మీద నడవాలనుకునేవారు ట్రాన్స్‌ఫార్మరు ఉన్న బరువైన ఇన్వర్టరును చూడాలి. దాని బరువు మోయలేక తిట్టుకున్నా, మోటారును లేపడంలో పెద్ద ట్రాన్స్‌ఫార్మరు లేని తేలికపాటి హై ఫ్రీక్వెన్సీ యంత్రాలు సాధారణంగా దానికి సాటి రావు.

ఇప్పుడు ప్యానెళ్లు. ఇది జాగ్రత్తగా చదవండి. 545 వాట్ల ప్యానెలు ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (లోడు ఏదీ లేనప్పటి వోల్టేజీ) సుమారు 49.5 ఉంటుంది, పదింటిని వరుసగా కలిపితే 495. మీ ఇన్వర్టరు సోలార్ ఇన్‌పుట్ గరిష్ఠ పరిమితి 500 అని మీరే రాశారు. అంచనా రాసినవారు 495 ఐదువందల లోపే కదా అనుకుని ఉంటారు. కానీ ఆ 49.5 అన్నది సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్నప్పటి కొలత. ప్యానెలు చల్లబడేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.27 శాతం చొప్పున. చలికాలం ఉదయం 5 డిగ్రీల చలిలో తొలి ఎండ పడిందంటే, 20 డిగ్రీల తేడాకు 5.4 శాతం పెరిగి 495 కాస్తా 521 దాటుతుంది. ఇది ఒక్క ఉదయం జరిగితే చాలు, లోపలి కెపాసిటర్లు, స్విచింగ్ భాగాలు పోవచ్చు. పరిమితి దాటిన వోల్టేజీకి వారంటీ కూడా వర్తించదు, కొన్ని యంత్రాలు తాము చూసిన గరిష్ఠ వోల్టేజీని తమ జ్ఞాపకంలో రాసిపెట్టుకుంటాయి. తొమ్మిది ప్యానెళ్లయితే అదే చలిలో 470 లోపు ఉంటుంది, అది క్షేమం. లేదా ఐదు చొప్పున రెండు వరుసలుగా కలపవచ్చు, కానీ అప్పుడు రెండు వరుసల కరెంటు కలిసి 26 ఆంపియర్లు దాటుతుంది కనుక, ఇన్వర్టరులో ప్యానెళ్ల కరెంటును అందుకునే ఎంపీపీటీ భాగం అంత తీసుకోగలదో లేదో చూసుకోవాలి. మీ ప్రాంతంలో ఎప్పుడూ 20 డిగ్రీల కంటే చలి ఉండదంటే లెక్క కొంత సడలుతుంది. అప్పుడు కూడా నేను అంచు దాకా వెళ్లను.

వేడి సంగతి దీనికి ఎదురు. మండుటెండలో ప్యానెలు ఒళ్లు 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.35 శాతం చొప్పున దాదాపు 14 శాతం శక్తి తగ్గుతుంది. అందుకే 5.45 కిలోవాట్ల ప్యానెళ్ల నుంచి 5.45 ఎప్పుడూ కనిపించకపోతే కంగారుపడకండి. ఇన్వర్టరు కూడా 45 డిగ్రీలు దాటిన గదిలో తన సామర్థ్యాన్ని తానే తగ్గించుకుంటుంది. మేడ మీద రేకుల గదిలో బిగించమని అడిగేవారికి నేను ఒప్పుకోను.

బ్యాకప్ బోర్డు విషయంలో ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా చేసే తప్పు న్యూట్రల్ దగ్గర జరుగుతుంది. బ్యాకప్ మీద పెట్టదలచిన సర్క్యూట్ల ఫేజులను మాత్రమే వేరుచేసి, న్యూట్రళ్లను పాత బోర్డులోనే ఉమ్మడిగా వదిలేస్తారు. గ్రిడ్ ఉన్నంతసేపు ఏమీ తెలియదు; గ్రిడ్ పోయాక ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరా ఆపే స్విచ్) కారణం లేకుండా పడిపోతుంది, లేదా సగం ఇల్లు వెలగదు. బ్యాకప్ సర్క్యూట్లకు ఫేజు, న్యూట్రల్ రెండూ వేరుగా, వేరే బోర్డు నుంచి రావాలి. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. గ్రిడ్ ఉన్నప్పుడు న్యూట్రల్‌కూ భూమికీ మధ్య ఉండే కలయిక సరఫరా వ్యవస్థ నుంచి వస్తుంది. ఇన్వర్టరు గ్రిడ్‌ను తెంచేసిన మరుక్షణం ఆ కలయిక కూడా పోవచ్చు, అప్పుడు ఎవరికైనా షాక్ కొట్టినా ఆర్‌సీసీబీ పడదు. మంచి ఇన్వర్టర్లలో బ్యాకప్ మోడ్‌లోకి మారగానే న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపే రిలే ఉంటుంది. మీ మోడల్‌లో అది ఉందా, ఉంటే సెట్టింగులలో ఆన్ చేశారా అని అడగండి. గ్రిడ్ ఉండగా నొక్కిన ఆర్‌సీసీబీ టెస్ట్ బటను ఈ విషయాన్ని మీకు చెప్పలేదు. ఎర్తింగు సరిగా అందుతోందో లేదో మీటరుతో, బ్యాటరీ మీద నడుస్తుండగా, కొలవాలి.

బ్యాటరీ తీగల దగ్గర నేను కఠినంగా ఉంటాను. 112 ఆంపియర్లు నిలకడగా పోయే చోట 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు, వీలైనంత పొట్టిగా, బ్యాటరీకి దగ్గరలో డీసీ కోసం తయారైన ఫ్యూజు ఉండాలి. ఇళ్లలో వాడే ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) బ్రేకరు ఇక్కడ పనికిరాదు. ఏసీ కరెంటు 50 హెర్ట్జ్ వద్ద సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కనుక బ్రేకరు తెరుచుకోగానే నిప్పురవ్వ తనంతట తానే ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు, రవ్వ అలాగే మండుతూ బ్రేకరునే కరిగించేస్తుంది. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి కాబట్టి అంత కరెంటునూ తెంచగల క్లాస్ టీ రకం ఫ్యూజు పెట్టించుకోవడం ఉత్తమం. ఒకసారి ఒక ఇంట్లో బ్యాటరీ సరిగా ఛార్జ్ కావడం లేదని వెళ్లి పెట్టె మూత తీశాను. పాజిటివ్ లగ్గు (కేబులు చివర బిగించే లోహపు కొన) కింద రాగి నీలంగా, చుట్టూ తొడిగిన ఎర్రటి తొడుగు గోధుమరంగులో ముడతలు పడి ఉంది. బోల్టును వేలితో తిప్పితే తిరిగింది. బిగించినవారు స్పానరు వాడారు గాని టార్క్ రెంచి వాడలేదు, పైగా వాషరును లగ్గుకూ టెర్మినల్‌కూ మధ్య పెట్టారు. లగ్గు నేరుగా టెర్మినల్ మీద కూర్చోవాలి, వాషరు దాని పైన రావాలి. ఆ చిన్న తప్పుకు ఇల్లు అంటుకోకపోవడం వారి అదృష్టం. మీ ఇంట్లో బిగించిన నెల తర్వాత ఒకసారి, ఆపైన ఆరు నెలలకొకసారి, లోడు బాగా ఉన్న సమయంలో బయటి నుంచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఆ లగ్గుల వేడి చూడండి. రెండు లగ్గుల మధ్య పది డిగ్రీల తేడా కనిపిస్తే ఆపి బిగించాలి.

బ్యాటరీ, ఇన్వర్టరు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి క్యాన్ లేదా ఆర్‌ఎస్ 485 తీగ ఉంటుంది. రెండు వైపులా ఒకే రకం సాకెట్టు ఉన్నంత మాత్రాన తీగలోని పిన్నుల వరుస ఒకటే కాదు, కనుక బ్యాటరీ తయారీదారు ఇచ్చిన తీగనే వాడాలి. తెరమీద బ్యాటరీ శాతం కనిపిస్తే మాటలు కలిసినట్టు. కలవకపోతే వోల్టేజీ మీద నడపవలసి వస్తుంది: 16 సెల్‌ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు ఛార్జింగ్ 56 వోల్టులు, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచేది) 54, కటాఫ్ (వాడకం ఆపేసేది) 48 పెట్టుకోండి, ఈక్వలైజేషన్ అనేదాన్ని తప్పకుండా ఆపేయండి, అది లెడ్ యాసిడ్ బ్యాటరీలకు ఉద్దేశించినది. ఈ రసాయనంలో వోల్టేజీ చాలాసేపు ఒకే చోట నిలబడి చివర్లో ఒక్కసారిగా పడుతుంది కనుక, వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం సాధ్యం కాదు. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో దీన్ని ఛార్జ్ చేయకూడదు.

మిగిలింది తోట ఇల్లు. గ్రిడ్ అందుబాటులో ఉన్న ఇంట్లో తప్పు లెక్క వేస్తే ఒక రాత్రి ఉక్కపోతతో పోతుంది. గ్రిడ్ లేని చోట అదే తప్పు బ్యాటరీ ప్రాణం తీస్తుంది. మీరు చెప్పినట్టు అక్కడ రెండు లైట్లు, రెండు ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్ మాత్రమే ఉంటే రోజు వాడకం రెండు యూనిట్ల లోపే. అక్కడ 5 కిలోవాట్ల యంత్రాన్ని పెడితే, 24 గంటలకు దాని సొంత తిండే 1.2 యూనిట్లు. ఇంటివారు తినేది రెండు, కాపలావాడు తినేది ఒకటికి పైనే అన్నట్టు ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు 15, 20 వాట్లు మాత్రమే తీసుకునే చిన్న ఆఫ్ గ్రిడ్ ఇన్వర్టరు, ఫ్యాన్లు లైట్లు నేరుగా డీసీ మీద నడిచే ఏర్పాటు అక్కడ ఎంతో మేలు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ముసురు పట్టి మూడు రోజులు ఎండ లేకపోతే ప్యానెళ్లు మామూలులో పదో వంతు నుంచి నాలుగో వంతు మాత్రమే ఇస్తాయి. బ్యాటరీ అడుగంటి బీఎంఎస్ తనను తాను కట్టేసుకుందనుకోండి. గ్రిడ్ ఉన్న ఇంట్లో కరెంటు రాగానే ఇన్వర్టరు దాన్ని లేపుతుంది. తోటలో ఎండ వచ్చినా, బ్యాటరీ వోల్టేజీ కనిపించనిదే మేలుకోని ఇన్వర్టర్లు కొన్ని ఉన్నాయి. ప్యానెళ్ల నిండా కరెంటు, బ్యాటరీ నిండా ఆకలి, మధ్యలో యంత్రం నిద్రలో ఉంటుంది. కొనేముందు ప్యానెళ్ల కరెంటుతో మాత్రమే మేలుకుంటుందా అని రాతపూర్వకంగా అడగండి, కటాఫ్‌ను 20 శాతం దగ్గరే పెట్టండి. రెండు రోజుల వాడకానికి సరిపడే బ్యాటరీ, దానికి తోడు ఏడాదికి నాలుగుసార్లు మాత్రమే అవసరమయ్యే చిన్న జనరేటరు ఉంటే చాలు. నాలుగు రోజుల ముసురుకు సరిపడే బ్యాటరీ కొనడం కంటే అదే వివేకం. ఆ జనరేటరు ఫ్రీక్వెన్సీ ఊగిసలాడితే ఇన్వర్టరు దాన్ని స్వీకరించదు కనుక, ఛార్జింగ్ ఆంపియర్లను జనరేటరు సామర్థ్యంలో సగానికి తగ్గించి మొదలుపెట్టండి.

మీ ఇంటికి, కాబట్టి, ఆ ఇన్వర్టరునే ఉంచి, రెండు బ్యాటరీలు, తొమ్మిది ప్యానెళ్లు పెట్టమని, ఏసీ, గీజరు, నీళ్ల మోటారు బ్యాకప్ బోర్డులోకి రాకుండా చూడమని అంచనాను మార్పించండి. బిగించిన రోజున డబ్బు పూర్తిగా ఇచ్చేముందు, చీకటి పడ్డాక, ఇంట్లో అందరూ మామూలుగా వాడుకునే వేళ, మెయిన్ స్విచ్ మీరే ఆపండి. ఫ్రిజ్ ఆగి మళ్లీ మొదలయ్యేదాకా, అంటే సుమారు గంటసేపు, బిగించినవారిని అక్కడే ఉండమనండి.